కన్ను కారుతోంది సరే, చూపు సంగతి చూశారా?

పాఠకుల ప్రశ్నలు - కంటి డాక్టరమ్మ జవాబులు (ఒడిశాలోని బరంపురం నుంచి)

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా బాబుకి ఎనిమిది నెలలు. పుట్టిన నెల లోపే ఎడమ కన్ను నీరు కారడం మొదలైంది. పొద్దున్న లేచేసరికి రెప్పలు పుసులతో అతుక్కుపోయి ఉంటాయి. ఏడవకపోయినా ఆ వైపు చెంప తడిగానే ఉంటుంది. మా అత్తగారేమో "చంటిపిల్లలకి ఇది మామూలే, ఆముదం దీపం కాటుక పెడితే పోతుంది" అంటారు. మందుల షాపులో అడిగితే చుక్కల మందు ఇచ్చారు. వేసిన వారం తగ్గింది, మానేయగానే మళ్లీ మొదలు. ఇంతలో మా ఆడపడుచు భర్త ఫోన్లో ఏదో చదివి, ఇలా వదిలేస్తే లేజీ ఐ వస్తుందట, కన్ను పనికిరాకుండా పోతుందట అన్నారు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. బరంపురం తీసుకొస్తే కడ్డీ వేసి గొట్టం తెరవాలంటారేమో, ఇంత పసివాడికి మత్తు ఇస్తారేమో అని ఇంకో భయం. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ముందు మీరు కాస్త కుదుటపడండమ్మా. నీరు కారడం, కడ్డీ వేయడం, లేజీ ఐ... మూడూ కలిసి మీ బుర్రలో ఒకే భయమై కూర్చున్నాయి. వేటికవి విడదీసి చూస్తే ఇంత భయం అక్కర్లేదు.

కంట్లో నీరు ఏడ్చినప్పుడే కాదు, ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ముక్కు వైపు కంటి మూల దగ్గర పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి సూదిమొనంత రంధ్రాలుంటాయి. అద్దం ముందు నిలబడి మీ కింది రెప్పని కొంచెం బయటికి లాగి చూసుకోండి, కనిపిస్తుంది. నీరు ఆ రంధ్రాల్లోంచి దిగి ఒక చిన్న సంచిలో చేరి, అక్కణ్నుంచి సన్నటి గొట్టం గుండా ముక్కులోకి పోతుంది. మనం ఏడిస్తే ముక్కు కూడా కారేది అందుకే. ఆ గొట్టం ముక్కులో తెరుచుకునే చోట పుట్టబోయే పిల్లలకి పల్చటి పొర ఒకటి ఉంటుంది. ఎక్కువమందికి అది పుట్టే వేళకో, పుట్టిన కొద్ది వారాలకో విచ్చుకుంటుంది. కొందరికి ఆలస్యమవుతుంది. పుట్టిన మొదటి రోజుల్లో కన్నీరు పెద్దగా ఊరదు కాబట్టి మూడో నాలుగో వారం దాకా సంగతి బయటపడదు. మీ బాబుకి నెల లోపు మొదలైందన్నారు, ఈ లెక్కకు సరిపోతోంది.

ఇది అరుదైన జబ్బేం కాదు. నూటికి 5 మందికి తక్కువ కాకుండా పసిపిల్లల్లో కనిపిస్తుంది. ఇంకా ఎక్కువమందిలో కనిపించిందని చెప్పే లెక్కలూ ఉన్నాయి. వీళ్లలో నూటికి 90 మందికి మొదటి పుట్టినరోజు లోపే దానంతట అది తగ్గిపోతుంది. "మామూలే" అన్నంత వరకు మీ అత్తగారి మాట నిజమే. కాటుక దగ్గరే నాకు పేచీ. దాని సంగతి తర్వాత చెప్తాను.

"ఎనిమిది నెలలు వచ్చేశాయి కదా, ఇంకేం తగ్గుతుంది" అనుకోకండి. అమెరికాలో 6 నుంచి 10 నెలల పిల్లల్ని తీసుకుని, మసాజ్ చేయిస్తూ, అవసరమైతే యాంటీబయోటిక్ చుక్కలు వేయిస్తూ ఆరు నెలలు గమనించారు. మూడింట రెండొంతుల కళ్లకి కడ్డీ అవసరం లేకుండానే తగ్గిపోయింది. అంటే మీ చేతిలో ఇంకా సమయం ఉంది, చేయాల్సిన పనీ ఉంది. ఆ పని మసాజ్.

మీరు మసాజ్ మాటే ఎత్తలేదు. చెప్పినవాళ్లు లేరో, చెప్పినా ఎలాగో చూపించలేదో. నా దగ్గరికొచ్చే తల్లుల్లో "చేస్తున్నామండీ" అనేవాళ్లే ఎక్కువ. ఏదీ, చేసి చూపించమంటే ముక్కు పక్కన చర్మం మీద వేలితో రాస్తారు. నూనె పెట్టి రాసేవాళ్లూ ఉన్నారు. అలా రాస్తే చర్మం కందుతుంది తప్ప గొట్టానికి ఏమీ కాదు. ఇది రాసే పని కాదు, నొక్కే పని. గోళ్లు బాగా కత్తిరించుకుని, సబ్బుతో చేతులు కడుక్కోండి. బాబుని ఒళ్లో వేసుకుని, చూపుడువేలి మెత్తటి భాగాన్ని కంటి లోపలి మూలకీ ముక్కు ఎముకకీ మధ్య ఆనించండి. అక్కడ వేలికి చిన్న గట్టు తగులుతుంది. సంచి ఉండేది దాని వెనకే. మీ గోరు కింద రంగు కాస్త తెల్లబడేంత గట్టిగా నొక్కి, ఆ ఒత్తిడి వదలకుండా వేలిని ముక్కు వెంట కిందికి ఒక సెంటీమీటరు జార్చండి. తీసేయండి. మళ్లీ పైనుంచి మొదలుపెట్టండి. ఒక్కో విడతకి పదిసార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు. కనుగుడ్డు మీద మాత్రం వేలు పడకూడదు. సంచిలో ఉన్న నీరు ఆ ఒత్తిడికి కిందికి తన్ని పొరని తెరుస్తుంది, ఇందులో కిటుకంతా అంతే. పాలు తాగేటప్పుడు చేస్తే పిల్లవాడు పెద్దగా గోల పెట్టడు.

నొక్కినప్పుడు కంటి మూల నుంచి చీములా పైకి వస్తే కంగారు పడకండి. నిలవ ఉన్నదే బయటికొచ్చిందని అర్థం. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయండి. చీర కొంగు వద్దు. ఇది ఎంత చెప్పినా వినరు మనవాళ్లు!

చుక్కల మందు విషయం. తెల్లగుడ్డు ఎర్రబడి, పసుపుపచ్చ చీము రోజంతా వస్తుంటే డాక్టరు రాసిచ్చిన యాంటీబయోటిక్ కొన్నాళ్లు వేయాలి. అది చీమును తగ్గిస్తుంది కానీ పొరని తెరవదు. మానగానే మళ్లీ మొదలైంది అందుకే. నాకు భయం ఆ షాపు సీసా గురించి. దాని మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్... వీటిలో ఏ పేరు చిన్న అక్షరాల్లో ఉన్నా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. ఎరుపు ఇట్టే తగ్గుతుంది, అందుకే జనానికి అది మంచి మందు అనిపిస్తుంది. నెలల తరబడి వేస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం వస్తుంది. చదవడం కష్టమైతే సీసా ఫొటో తీసి, చదవగలిగిన వాళ్లకి పంపించి అడగండి. డాక్టరు చూడకుండా మళ్లీ కొనొద్దు.

ఇక కాటుక. ఇంట్లో చేసిన మసి కాటుక ఆ సూది రంధ్రాల దగ్గర పేరుకుంటుంది, పెట్టే వేలి మురికి కంట్లోకి పోతుంది. బజారులో కొన్న కాటుకల్లో, సుర్మాల్లో సీసం దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి. సీసం పిల్లల మెదడుకి విషం. అత్తగారితో గొడవ పడమని నేను చెప్పను. దిష్టిచుక్క అరికాలికి పెట్టమనండి. దిష్టీ తగలదు, కన్నూ బాగుంటుంది.

ఒక్క సందర్భంలో మాత్రం మసాజ్ ఆపేసి అదే రోజు ఆసుపత్రికి పరుగెత్తాలి. కంటి లోపలి మూల కింద ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తూ, జ్వరం ఉంటే సంచిలో ఇన్ఫెక్షన్ ముదిరిందన్నమాట. దానికి ఇంటి వైద్యం లేదు.

కడ్డీ గురించి. ఆ పేరు వింటేనే గుండె జారుతుంది కానీ అది సన్నటి, మొన మొద్దుగా ఉన్న లోహపు తీగ. రెప్ప మీది రంధ్రంలోంచి మెల్లగా పోనిచ్చి ముక్కులోని ఆ పొరని తెరుస్తారు. కోత లేదు, కుట్టు లేదు. అసలు పని నిమిషాల్లో అయిపోతుంది, ముందు వెనకల తయారీకే పొద్దు గడుస్తుంది. మనవైపు చాలామంది డాక్టర్లు బిడ్డకి ఏడాది నిండే దాకా ఆగుతారు, నేనూ ఆగుతాను. ఏడాది దాటితే సాధారణంగా పూర్తి మత్తులోనే చేస్తారు. పిల్లలకి మత్తిచ్చే అనుభవం ఉన్న డాక్టరు ఉన్న చోటే చేయించుకోండి. వాళ్లు చెప్పినంత సేపు పాలు పట్టకుండా ఉండాలి. తల్లిపాలైతే మామూలుగా 4 గంటలు, డబ్బాపాలైతే 6. పాపం ఏడుస్తున్నాడని అమ్మమ్మ చాటుగా పట్టించిందంటే ఆపరేషన్ వాయిదా పడుతుంది, పట్టించానని చెప్పకపోతే ప్రాణానికే ముప్పు. మొదటిసారి చేసినప్పుడే నలుగురిలో ముగ్గురికి పైగా తగ్గిపోతుంది. తగ్గకపోతే మళ్లీ చేయడమో, కొన్ని నెలల పాటు సన్నటి సిలికాన్ గొట్టం ఉంచడమో చేస్తారు.

అసలు విషయానికి ఇప్పుడొచ్చాం. మీ ఆడపడుచు భర్త చెప్పినదాంట్లో సగం నిజం.

చూపు కంట్లో ఉండదమ్మా, మెదడు నేర్చుకుంటుంది. పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ల దాకా ఆ నేర్చుకోవడం సాగుతుంది, మొదటి రెండు మూడేళ్లు మరీ ముఖ్యం. రెండు కళ్ల నుంచీ సమానంగా బొమ్మ అందితే మెదడు రెండింటినీ వాడుకుంటుంది. ఒక కంటి నుంచి మసక బొమ్మ వస్తుంటే దాన్ని పక్కన పెట్టి మంచి కంటితోనే పని నడిపిస్తుంది. కొన్నేళ్లకి ఆ పక్కన పెట్టిన కంటికి అద్దాలు పెట్టినా చూపు పూర్తిగా రాదు. లేజీ ఐ అంటే అదే. డేవిడ్ హ్యూబెల్, టార్స్టెన్ వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల్లో ఒక కన్ను మూసి ఉంచి ఈ సంగతి రుజువు చేశారు. 1981లో వాళ్లకి నోబెల్ వచ్చింది.

మరి నీరు కారే కంటికీ దీనికీ ఏం సంబంధం? నీరు, పుసులు నేరుగా చూపుని చంపేయవు. కానీ గొట్టం మూసుకుపోయిన పిల్లల్ని పరీక్షిస్తే, రెండు కళ్లకి పవర్ తేడా ఉన్నవాళ్లు మామూలు పిల్లల కంటే ఎక్కువగా ఉన్నారని కొన్ని పరిశోధనల్లో తేలింది. అది కూడా చాలావరకు నీరు కారే కంటికే ప్లస్ పవర్ ఎక్కువ. కొన్ని పరిశోధనల్లో పెద్ద తేడా కనిపించలేదు కూడా. కాబట్టి "లేజీ ఐ వచ్చేస్తుంది" అనడం తప్పు. "పవర్ చూపించి తీరాలి" అనడం ఒప్పు.

మా ఓపీలో నేను చూసే చిక్కు ఏమిటంటే, నీరు కారడం అందరికీ కనిపిస్తుంది. పక్కింటావిడ కూడా అడుగుతుంది. పవర్ తేడా ఎవరికీ కనిపించదు. మెల్లకన్ను లేకపోతే, ఒక కంటితోనే చూస్తున్న పిల్లవాడు బంతి పట్టుకుంటాడు, మెట్లు దిగుతాడు, ఫోన్లో బొమ్మలు చూస్తాడు. నీరు తగ్గిన రోజున ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుని ఆసుపత్రి మొహం చూడడం మానేస్తారు. అందుకే నేను కడ్డీ వేసినా వేయకపోయినా, నీరు తగ్గినా తగ్గకపోయినా, ఈ పిల్లలందరికీ పవర్ చూడనిదే వదలను.

మాట రాని పిల్లవాడికి పవర్ ఎలా చూస్తారు అంటారేమో. చీకటి గదిలో అమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, చేతి లైటుతో కంట్లోకి వెలుగు పంపి, లోపల ఆ వెలుగు ఎటు కదులుతోందో చూస్తూ ముందు అద్దాలు మార్చి లెక్క కడతాం. పిల్లవాడు ఒక్క మాటా చెప్పనక్కర్లేదు. ఏడవకుండా ఉంటే మేలు, అంతే. దానికి ముందు కంటిపాప పెద్దదయ్యే మందు వేయాలి. చిన్నపిల్లలకి చాలాచోట్ల మూడు రోజులు అట్రోపిన్ ఆయింట్‌మెంట్ ఇంట్లో పెట్టి రమ్మంటారు. బియ్యపు గింజంతే పెట్టండి. ముక్కు వైపు మూలని ఒక నిమిషం నొక్కి ఉంచితే మందు ఒంట్లోకి తక్కువగా పోతుంది. మొహం ఎర్రబడి, ఒళ్లు కాలితే ఆపేసి డాక్టరుకి ఫోన్ చేయండి. కంటిపాప పది రోజుల దాకా పెద్దగానే ఉండొచ్చు, ఎండలో టోపీ పెట్టండి.

మీ బాబుకి తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ఎలాగూ దగ్గరపడింది. ఊళ్లో తల్లీపిల్లల ఆరోగ్యం చూసే మమతా దివస్‌లో ఆశా దీదీకి ఈ కంటి సంగతి చెప్పి రాయించుకోండి. ఆ తర్వాత ఒకసారి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ కంటి విభాగానికి రండి. లేదూ, శ్రీకాకుళం మీదుగా విశాఖ వెళ్లడమే మీకు వీలైతే అక్కడ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల క్యాంపస్ కూడా ఉంది. భాష గురించి మొహమాటపడొద్దు. పర్లాకిమిడి వాళ్లు తెలుగు, ఒడియా కలిపి మాట్లాడితే ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. రాగానే "నీరు కారుతోంది" అని ఊరుకోకుండా "పవర్ కూడా చూడండి" అని నోరు తెరిచి అడగండి. ఇప్పుడు బాగుందన్నా, మూడేళ్లు నిండేలోపు ఇంకోసారి చూపించండి.

ప్రశ్న: మాది రాయగడ. నేను పేపరు మిల్లులో పని చేస్తాను. మా అమ్మాయికి మూడున్నరేళ్లు. చిన్నప్పుడు కుడి కన్ను కారుతుంటే పదిహేనో నెలలో కడ్డీ వేయించాం, పూర్తిగా తగ్గిపోయింది. ఈమధ్య అంగన్‌వాడీకి వచ్చిన డాక్టర్ల బృందం కుడి కన్ను సరిగా చూడట్లేదన్నారు. పెద్దాసుపత్రిలో ఆ కంటికి ప్లస్ నాలుగున్నర, ఎడమ కంటికి ప్లస్ ఒకటి అని చెప్పి అద్దాలు, రోజూ రెండు గంటలు కంటికి పట్టీ రాశారు. కడ్డీ వేయడం వల్లే ఇలా అయిందని మా బావమరిది వాదన. ఆడపిల్లకి ఇప్పట్నుంచే కళ్లద్దాలేంటని మా అమ్మ ఏడుస్తోంది. పట్టీ వేస్తే పిల్ల పీకేస్తోంది. ఏం చేయాలి?
- ఒక తండ్రి, రాయగడ

జవాబు: కడ్డీ వెళ్లేది రెప్ప మూల నుంచి ముక్కులోకి. కనుగుడ్డుతో దానికి సంబంధమే లేదు. పవర్ తేడా పాపకి ముందు నుంచే ఉండి ఉంటుంది, ఇప్పుడు బయటపడింది. మీ బావమరిదికి ఈ పేజీ చూపించండి.

మూడున్నరేళ్లకే దొరకడం మీ అదృష్టం బాబూ. అంగన్‌వాడీకి వచ్చింది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందమై ఉంటుంది. వాళ్లు రాసిచ్చిన కాగితం పట్టుకుని మీరు వెంటనే ఆసుపత్రికి వెళ్లారు చూడండి, చాలామంది ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దోపి మర్చిపోతారు.

మొదట అద్దాలు. స్నానానికి, నిద్రకి తప్ప తీయకూడదు. మసక బొమ్మ స్పష్టమవడంతోనే మెదడు ఆ కన్ను వైపు తిరగడం మొదలుపెడుతుంది. మూడు నాలుగు నెలల్లో కొందరికి అద్దాలతోనే చాలా చూపు వస్తుంది. పగలని పాలీకార్బొనేట్ అద్దాలు, వెనక సాగే పట్టీ ఉన్న ఫ్రేము తీసుకోండి. ముక్కు మీద నుంచి జారి, పిల్ల అద్దాల పైనుంచి చూస్తుంటే పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే. షాపుకి తీసుకెళ్లి సరిచేయించండి.

పట్టీ వేయాల్సింది బాగా చూసే కంటికి, మీ అమ్మాయికైతే ఎడమ కంటికి. అడగలేదే అనుకోకండి. పాడైన కంటికి కదా కట్టు కట్టాలని, నెలల తరబడి మందగించిన కంటినే మూసి ఉంచిన నాయనమ్మల్ని నేను చూశాను. పట్టీ నేరుగా చర్మానికి అంటించి, దాని మీద అద్దాలు పెట్టాలి. అద్దానికి అంటిస్తే పిల్లలు పక్క సందులోంచి చూసేస్తారు. రోజుకి 2 గంటలు చాలా అని అనుమానం వద్దు. ఒక మాదిరి లేజీ ఐకి 2 గంటలు వేసినా 6 గంటలు వేసినా ఒకేలా పనిచేసిందని ట్రయల్స్‌లో తేలింది.

పీకేయడం సహజం. కనిపించే కన్ను మూసేసి, కనిపించని కంటితో చూడమంటే పెద్దవాళ్లం మనమైనా పీకేస్తాం. ఆ రెండు గంటలూ పిల్లకి ఇష్టమైన పని ఏదో దానికి కేటాయించండి: రంగులు వేయడం, పూసలు గుచ్చడం, అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం. దగ్గరి పని అయితే మంచిది. మొదటి వారం పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. పట్టీ మీద పిల్లనే బొమ్మ వేసుకోనివ్వండి, బొమ్మకి కూడా ఒక పట్టీ అంటించండి. చర్మం కందితే తీసేశాక కొంచెం కొబ్బరినూనె రాయండి, మర్నాడు అంటించే ముందు మాత్రం జిడ్డు లేకుండా కడగండి. ఏం చేసినా కుదరకపోతే డాక్టరుకి చెప్పండి. మంచి కంట్లో అట్రోపిన్ వేసి, దాన్ని కొన్నాళ్లు మసకబరిచే పద్ధతీ ఉంది. అది డాక్టరు చేతి మీదుగానే జరగాలి.

చెప్పిన తేదీకి తప్పకుండా వెళ్లండి. పట్టీ ఎక్కువైతే మంచి కన్ను మందగించే ప్రమాదం ఉంది, అందుకే మధ్యమధ్య కొలవాలి. రాయగడలోనే ఎల్వీ ప్రసాద్ వాళ్ల కంటి కేంద్రం ఉంది కాబట్టి మీరు ప్రతిసారీ హిరాఖండ్ రైలెక్కి భువనేశ్వర్ పోనక్కర్లేదు. చూపు సమానమయ్యాక పట్టీ ఆపితే ఏడాది లోపు నలుగురిలో ఒకరికి మళ్లీ తగ్గుతుంది. కాబట్టి ఆపాక కూడా చూపిస్తూ ఉండాలి. పాపకి తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకీ పవర్ చూపించండి, ఇది కుటుంబాల్లో నడుస్తుంది.

మీ అమ్మగారికి నా తరఫున ఒక మాట చెప్పండి. సంబంధాలు చూసే వయసొచ్చేసరికి ఈ పిల్ల ఉద్యోగం చేస్తూ ఉంటుంది, అద్దాలు కావాలంటే ఉంచుకుంటుంది, వద్దంటే లెన్స్ పెట్టుకుంటుంది. చూపే లేకపోతే ఈ రెండిట్లో ఏదీ పనికిరాదు.

ప్రశ్న: మా మనవడికి రెండు నెలలు. రెండు కళ్లూ నీరు కారుతున్నాయి. పుసులు లేవు. వెలుతురులోకి తీసుకొస్తే కళ్లు గట్టిగా మూసుకుని తల్లి గుండెల్లో మొహం దాచుకుంటాడు. నల్లగుడ్లు పెద్దగా, చక్కగా ఉన్నాయని చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. గొట్టం మూసుకుపోయిందేమో, మసాజ్ చేయమంటారా?
- ఒక తాతయ్య, గుణుపురం

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదవగానే పత్రిక వాళ్ల దగ్గర మీ నంబరు తీసుకుని ఫోన్ చేశాను, కాబట్టి ఈ జవాబు మీకు కాదు, ఇలాంటి బిడ్డ ఇంట్లో ఉన్న మిగతావాళ్లకి.

పుసులు లేకుండా నీరు, వెలుతురు పడకపోవడం, పెద్ద నల్లగుడ్డు... ఈ మూడూ కలిస్తే గొట్టం సంగతి తర్వాత, ముందు పుట్టుకతో వచ్చే గ్లకోమా అవునో కాదో తేల్చాలి. కంట్లో ప్రెషర్ పెరిగి, పసికన్ను మెత్తన కాబట్టి సాగుతుంది. పుట్టిన బిడ్డ నల్లగుడ్డు అడ్డంగా సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 12 అంటే అనుమానించాల్సిందే. నల్లగుడ్డు మీద నీలంగా మబ్బు పట్టినట్టుంటే ఇంకా తొందరపడాలి. దీనికి చుక్కలతో సరిపోదు, ఆపరేషనే వైద్యం. వారాల్లో జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 మంది పిల్లల్లో ఒకరికి ఉందని అంచనా. పాశ్చాత్య దేశాల్లో 10,000కి ఒకరని చెబుతారు. మనలో మేనరికాలు ఎక్కువ కావడం దీనికొక కారణం. మేనరికం అయితే డాక్టరుకి దాచకుండా చెప్పండి, ఎవరూ తిట్టరు.

గుణుపురం నుంచి విశాఖకి ప్యాసింజరు రైలుంది. పండగ అయ్యాక వెళ్దాం, మంచి రోజు చూసి వెళ్దాం అనుకునే జబ్బు కాదిది. ఫొటో తీసినప్పుడు ఒక కంట్లో ఎర్రగా, రెండో కంట్లో తెల్లగా మెరిసినా ఇంతే తొందర.

ప్రశ్న: ఛత్రపురం దగ్గర ఒక చిన్న బడిలో పిల్లలకి తెలుగు చెబుతాను. మా పిల్లల్లో లేజీ ఐ ఎవరికుందో డాక్టరు లేకుండా నేను పసిగట్టగలనా?
- ఒక టీచరు, గంజాం జిల్లా

జవాబు: కచ్చితంగా చెప్పలేరు, అనుమానించగలరు టీచర్ గారూ. అది చాలు. ఇంగ్లీషు ‘E’ అక్షరాన్ని నాలుగు వైపులకీ తిప్పి అట్టల మీద గీయండి. పిల్లవాణ్ని దూరంగా నిలబెట్టి, ఆ అక్షరం కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపించమనండి. చదువు రానివాళ్లూ చెప్పగలరు. కన్ను మూసేటప్పుడు వేళ్లతో కాదు, అరచేత్తో మూయాలి. వేళ్ల సందుల్లోంచి చూడడంలో మన పిల్లలు ఘనులు. ఒక్కో కన్ను విడిగా చూడడమే ముఖ్యం, రెండూ తెరిచి చదివిస్తే ఏమీ తెలియదు. ఒక కంటితో గబగబా చెప్పి రెండో కంటికి తడబడితే, లేదా ఒక కన్ను మూయగానే "వద్దు టీచర్" అని చేయి తోసేస్తే ఆ పేరు రాసుకోండి. ఎండలో ఒక కన్ను మూసేవాళ్లు, తల పక్కకి వాల్చి చదివేవాళ్లు, చిన్నప్పుడు కన్ను కారిందని తల్లి చెప్పినవాళ్లు కూడా ఆ పట్టికలో ఉండాలి. ఆరోగ్య బృందం బడికి వచ్చిన రోజు పిల్లలందరూ వరసలో తోసుకుంటుంటారు, వాళ్లకి తీరిక ఉండదు. మీ పట్టిక చేతికిచ్చి ముందు ఈ పిల్లల్నే చూడమనండి.